ఫొటో ఫైలుకు పేరు ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ మార్చాలి?

ప్రశ్న: ద్వారకానగర్‌లో చిన్న స్టూడియో నడుపుతున్నాను. మామూలు రోజుల్లో బట్టల దుకాణాలకు చీరల ఫొటోలు తీస్తాం. కెమెరాను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి క్యాప్చర్ వన్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తాం. ముహూర్తాలున్నప్పుడు రెండు కెమెరాలతో పెళ్ళిళ్ళకు వెళ్తాం. ఆ ఫొటోలను లైట్‌రూమ్ క్లాసిక్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో చూసుకుంటాం. ఈమధ్య మా దగ్గర పనిచేసే అబ్బాయి, దుకాణం వారు అడిగారని, ఒక సెషన్‌లోని చీరల ఫొటోలన్నిటికీ విండోస్‌లోనే పేర్లు మార్చాడు. తరువాత క్యాప్చర్ వన్‌లో తెరిస్తే నేను చేసిన రంగు సవరణలు, క్రాపులు ఏవీ లేవు. పెళ్ళి ఫోల్డర్లలోనేమో ఒకే నంబరుతో రెండేసి ఫొటోలు ఉంటున్నాయి. అసలు పేర్లు ఎప్పుడు పెట్టాలి? ఎలా పెట్టాలి? పాతవాటన్నిటికీ ఇప్పుడు కొత్త పేర్లు పెట్టుకోవాలా? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: పోయాయనుకుంటున్న సవరణల సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అవి బహుశా పోలేదు. క్యాప్చర్ వన్ సెషన్‌లో, అంటే ఒక పనికి సంబంధించినవన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచుకునే పద్ధతిలో, పని చేసినప్పుడు మీరు చేసే మార్పులు ఫొటో ఫైలు లోపలికి వెళ్ళవు. ఫొటోలున్న ఫోల్డర్‌లోనే క్యాప్చర్‌వన్ అనే పేరుతో మరో ఫోల్డర్ ఉంటుంది, దాని లోపల సెట్టింగ్స్ అని మొదలయ్యే ఇంకో ఫోల్డర్ ఉంటుంది. ప్రతి ఫొటోకూ అక్కడ ఒక చిన్న ఫైలు ఉంటుంది. దాని పేరు ఫొటో పూర్తి పేరే, చివర మాత్రం అదనంగా సీఓఎస్ అనే తోక ఉంటుంది. వెలుతురు, వైట్ బ్యాలెన్స్, క్రాపు అన్నీ ఆ చిన్న ఫైలులోనే రాసి ఉంటాయి. ఫొటోను, ఆ ఫైలును కలిపేది పేరు ఒక్కటే. మీ అబ్బాయి విండోస్‌లో ఫొటో పేరు మార్చినప్పుడు సీఓఎస్ ఫైలు పాత పేరుతోనే ఉండిపోయింది. క్యాప్చర్ వన్ కొత్త పేరు చూసి, ఇది ఇంతవరకు ఎవరూ ముట్టని ఫొటో అనుకుని మొదటి స్థితిలో చూపించింది.

కాబట్టి పాత పేరు తిరిగి పెడితే సవరణలు తిరిగి వస్తాయి. అయితే ఈ పని మొదలుపెట్టే ముందు క్యాప్చర్ వన్‌ను మూసివేసి, ఆ సెషన్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. ఒక కిటికీలో సెట్టింగ్స్ ఫోల్డర్‌ను పేరు వరుసలో, పక్కన మరో కిటికీలో ఫొటోలను, విండోస్‌లో డేట్ టేకెన్ అని కనిపించే తీసిన సమయం వరుసలో, తెరిచి ఉంచండి. కేబుల్‌తో తీసిన ఫొటోల్లో వరుస సంఖ్య ఫొటోలు తీసిన క్రమంలోనే నడుస్తుంది కనుక సాధారణంగా రెండు వరుసలూ సరిపోతాయి. ఇక్కడ జాగ్రత్త పడవలసినవి రెండున్నాయి. ఫొటోలను క్యాప్చర్ వన్ బయట తొలగించి ఉంటే వాటి సీఓఎస్ ఫైళ్ళు మిగిలిపోయి వరుస తప్పుతుంది, కనుక ముందు రెండువైపులా లెక్క సరిచూసుకోండి. పేర్లు మారిన తరువాత ఒకసారి తెరిచారు కనుక కొత్త పేర్లతోనూ సీఓఎస్ ఫైళ్ళు పుట్టి ఉండవచ్చు, వాటిని లెక్కలో కలపకండి. మొదట ఒక్క ఫొటోకు మాత్రం, ఫైలు రకాన్ని తెలిపే చివరి అక్షరాలను ముట్టుకోకుండా, పాత పేరు పెట్టి క్యాప్చర్ వన్‌లో తెరిచి చూడండి. సవరణ కనిపిస్తే మిగతావి చేయండి. అన్నీ పూర్వపు స్థితికి వచ్చాక దుకాణం వారు అడిగిన పేర్లను క్యాప్చర్ వన్ లోపలే, ఇమేజ్ మెనూలో ఉండే బ్యాచ్ రీనేమ్ ద్వారా పెట్టండి. అది ఫొటో పేరుతో పాటు సీఓఎస్ ఫైలు పేరును కూడా మారుస్తుంది.

లైట్‌రూమ్‌లోనూ జరిగేది ఇదే, కనిపించే తీరు వేరు. అక్కడ సవరణలు క్యాటలాగ్ అనే డేటాబేసులో ఉంటాయి. ఫొటో పేరు బయట మారితే బొమ్మ మీద ఆశ్చర్యార్థకం గుర్తు పడుతుంది, దాని మీద నొక్కి ఫైలు ఎక్కడుందో ఒక్కొక్కటిగా చూపించవలసి వస్తుంది. క్యాప్చర్ వన్‌ను సెషన్‌గా కాక క్యాటలాగ్‌గా వాడినా అంతే. రా ఫైళ్ళ (కెమెరా ఇచ్చే మూల ఫైళ్ళ) పక్కన, సవరణలు రాసి ఉంచే ఎక్స్ఎంపీ అనే చిన్న ఫైళ్ళు రాయించుకునే అలవాటు ఉంటే, వాటికీ ఫొటోకూ బంధం పేరే. అందుచేత మీ స్టూడియోలో ఒక నియమం గట్టిగా పెట్టుకోండి: ఫొటో ఒకసారి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళిందంటే దాని పేరును ఆ సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చాలి. లైట్‌రూమ్‌లో ఫొటోలు ఎంచుకుని ఎఫ్2 నొక్కితే ఆ పని అయిపోతుంది. ఆ అబ్బాయిని తప్పుపట్టకండి. మామూలు ఫైళ్ళ విషయంలో అతను చేసింది సరైన పనే.

ఇక పేరులో ఏముండాలన్నది. ఇక్కడ చాలామంది ఒక ఆశకు లోనవుతారు. ఫొటోలో ఏముందో అంతా పేరులోనే చెప్పేయాలనుకుంటారు: దుకాణం పేరు, ఉప్పాడ జామ్దానీ, ఆకుపచ్చ, పల్లూ, ఫైనల్, ఫైనల్ కొత్తది. మూడు వారాల తరువాత దుకాణం యజమాని ఆ చీరను వేరే వర్గంలోకి మారుస్తారు, ఆకుపచ్చను చిలకపచ్చ అంటారు, ఫైనల్ అన్నది ఫైనల్ కాకుండా పోతుంది. ఇక అక్షరక్రమం చూడండి. మన ఊరి పేరునే ఒకరు వైజాగ్ అని, ఒకరు విశాఖ అని, మరొకరు విశాఖపట్నం అని కొడతారు. ఒక పేరుతో వెతికితే మరో పేరుతో ఉన్నవి దొరకవు. నా అభిప్రాయంలో పేరులోకి రావలసినవి ఎన్నటికీ మారనివి మాత్రమే: పని గుర్తు, వస్తువుకు లేదా కార్యానికి ఉన్న స్థిరమైన సంఖ్య, వరుస సంఖ్య. రంగు, నేత, పల్లూ, అంచు వంటి వర్ణనలన్నీ, సాఫ్ట్‌వేర్‌లో ఫొటోకు తగిలించే వెతుకుడు మాటలైన కీవర్డ్‌లలోకి వెళ్ళాలి. అక్కడైతే ఎన్నిసార్లు మార్చినా దేనితోనూ బంధం తెగదు.

మీ చీరల పనికి దీన్ని అన్వయించి చూద్దాం. చీరకు తగిలించిన చీటీ మీద దుకాణం స్టాకు నంబరు ఉంటుంది కదా, అదే మీ స్థిరమైన సంఖ్య. పత్రిక కోసం ఉదాహరణను తెలుగులో రాస్తున్నాను, మీరు మాత్రం కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాలే కొట్టండి. దుకాణం గుర్తు ఎస్ఎల్, చీర నంబరు 4471 అనుకుంటే ఫొటోల పేర్లు ఎస్ఎల్_4471_0001, ఎస్ఎల్_4471_0002 అని నడవాలి. క్యాప్చర్ వన్‌లో నెక్స్ట్ క్యాప్చర్ నేమింగ్ అనే పనిముట్టు ఉంది. దానిలో పేరు నమూనాను టోకెన్లు అనే ముక్కలతో కట్టుకోవచ్చు: ముందు మీరు కొట్టే పేరు, తరువాత అండర్‌స్కోర్, తరువాత నాలుగంకెల లెక్క. ఒకసారి నమూనా కట్టుకున్నాక ప్రతి చీరకూ పేరు గడిలో నంబరు మార్చడమొక్కటే పని. చీటీ మీద బార్‌కోడ్ ఉంటే ఆ కష్టం కూడా తగ్గుతుంది. యూఎస్‌బీ బార్‌కోడ్ రీడర్లు సాధారణంగా కంప్యూటర్‌కు కీబోర్డులాగే కనిపిస్తాయి, కనుక ముందుగా గుర్తును కొట్టి ఉంచి కర్సర్‌ను దాని తరువాత పెట్టి చీటీని చూపిస్తే నంబరు దానంతట అదే పడుతుంది. అంకెలు అటుదిటు అయ్యే పొరపాటుకు అక్కడ చోటుండదు.

లెక్కను ప్రతి చీరకూ మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలా అన్నది సహజంగా వచ్చే సందేహం. పనిముట్టు మెనూలో లెక్కను తిరిగి ఒకటికి తెచ్చే వీలు ఉంది, చాలా స్టూడియోల్లో అలా చేస్తారు కూడా. నేను వద్దంటాను. మధ్యాహ్నం భోజనం వేళ దాటాక, నలభయ్యో చీరో యాభయ్యో చీరో మడత విప్పి మానెక్విన్‌కు చుట్టే సమయంలో, పేరు గడిలో నంబరు మార్చడం ఎవరో ఒకరు మరిచిపోతారు. అప్పుడు 4472 నంబరు చీర ఫొటోలు 4471 పేరుతో పడతాయి. లెక్క రోజంతా ఒకే వరుసగా నడుస్తుంటే ఎక్కడ తప్పు జరిగిందో చూడగానే తెలుస్తుంది. ఆ నాలుగైదు ఫొటోలను ఎంచుకుని, బ్యాచ్ రీనేమ్‌లో వెతికి మార్చే పద్ధతిని తీసుకుని, 4471 ఉన్నచోట 4472 పెట్టమంటే చాలు. వరుస సంఖ్య చెక్కుచెదరదు, రెండు ఫొటోలకు ఒకే పేరు వచ్చే ప్రమాదమూ లేదు. దీనికి తోడుగా ప్రతి చీరకూ మొదటి ఫొటోగా చీటీనే దగ్గరగా తీయండి. నంబరు తప్పు పడిందన్న అనుమానం వస్తే ఆ ఫొటోయే సాక్ష్యం.

పల్లూ, అంచు, జాకెట్ ముక్క అనే గుర్తులను తీసేటప్పుడే పేరులో చేర్చబోకండి. ఒక్కొక్క ఫొటోకూ కెమెరా వదిలి కీబోర్డు దగ్గరకు రావలసి వస్తుంది, పని సాగదు. దుకాణం వారి వెబ్‌సైటుకు తమదైన పేర్లు కావాలంటే, జేపెగ్‌లు ఎగుమతి చేసేటప్పుడు ఆ పేర్లు పెట్టే వీలు రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. ఆ మార్పు కాపీకే జరుగుతుంది, మూలం పేరు మూలంగానే ఉంటుంది. మీ సంగతిలో జరగవలసింది నిజానికి ఇదే. దుకాణం వారు అడిగింది తమకు ఇచ్చే ఫైళ్ళ పేర్ల గురించి, మీ దగ్గరున్న మూలాల గురించి కాదు.

కేబుల్ పనిలో ఇంకొక విషయం గమనించండి. కంప్యూటర్‌లోనూ కెమెరా కార్డులోనూ కూడా భద్రపరిచేలా అమర్చుకుని ఉంటే, కంప్యూటర్‌లోని ఫైలుకు సాఫ్ట్‌వేర్ పెట్టిన పేరు వస్తుంది కానీ కార్డులోని దానికి కెమెరా పెట్టిన పేరే ఉంటుంది. డిస్కు చెడిపోయి కార్డును ఆశ్రయించవలసి వచ్చిన రోజున రెండింటినీ కలిపేది పేరు కాదు, తీసిన సమయం. కనుక కెమెరా గడియారం సరిగ్గా ఉండాలి.

ఆ గడియారమే పెళ్ళిళ్ళలో ఇంకా ముఖ్యం. ఒకే నంబరుతో రెండు ఫొటోలు ఎందుకు వస్తున్నాయో చెబుతాను. కెమెరాలో ఫైళ్ళ పేర్లకు డీసీఎఫ్ అనే ప్రమాణం ఉంది. దాన్ని జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం 1998లో తెచ్చింది. దాని ప్రకారం పేరులో ముందు నాలుగు అక్షరాలు, వెనుక 0001 నుంచి 9999 వరకు నాలుగంకెలు ఉంటాయి. క్యానన్ అయితే ఐఎంజీ అని, నికాన్ అయితే డీఎస్సీ అని మొదలవుతుంది, నాలుగోది అండర్‌స్కోర్. 9999 దాటగానే లెక్క మళ్ళీ 0001కి వస్తుంది. పెళ్ళిళ్ళు తీసేవారికి ఆ సంఖ్య ఎంతో కాలం పట్టదు. ఒకే కంపెనీ కెమెరాలు రెండుంటే రెండూ ఒకే రకం పేర్లు పుట్టిస్తాయి, ఎప్పుడో ఒకప్పుడు ఢీకొంటాయి. వాటిని ఒకే ఫోల్డర్‌లోకి చేత్తో కాపీ చేసేవారు, ఫైలు ఇప్పటికే ఉందని విండోస్ అడిగినప్పుడు పాతదాని స్థానంలో కొత్తది పెట్టమని నొక్కితే, మొదటిది పోతుంది. చీరల సవరణల్లాగా అది తిరిగి రాదు.

దీనికి మందు కెమెరాలోనే ఉంది. నికాన్, సోనీ, క్యానన్ కెమెరాల్లో చాలావాటి మెనూలో పేరు ముందుండే అక్షరాలను మార్చుకోవచ్చు. ఒకదానికి ఏతో, రెండోదానికి బీతో మొదలయ్యే అక్షరాలు పెట్టండి. మీ కెమెరాలో ఆ వీలు లేకపోతే, ఏ కార్డు ఏ కెమెరాదో చూసుకుని, లైట్‌రూమ్‌లోకి దిగుమతి చేసేటప్పుడే ఆ అక్షరాన్ని చేర్చండి. ఫైలు నంబర్లను కంటిన్యువస్ పద్ధతిలోనే ఉంచండి. కార్డు మార్చినప్పుడల్లా ఒకటి నుంచి మొదలయ్యే పద్ధతి పెళ్ళి పనికి పనికిరాదు. పెళ్ళివారింటికి బయలుదేరే ముందు రెండు కెమెరాలతోనూ ఒకే ఫోన్ తెర మీది గడియారాన్ని, సెకన్లు కనిపించేలా, ఒక్కొక్క ఫొటో తీసి ఉంచండి. తేడా ఉందని తరువాత తెలిసినా, లైట్‌రూమ్‌లో ఒక కెమెరా ఫొటోలన్నిటినీ ఎంచుకుని తీసిన సమయాన్ని ఆ తేడా మేరకు ఒక్కసారే జరపవచ్చు. ఇది పేర్లు మార్చడానికి ముందే జరగాలి.

మన పెళ్ళిళ్ళకు ఉన్న చిక్కు మరొకటి, ఇతర దేశాల పాఠాల్లో ఇది కనిపించదు. ముహూర్తం రాత్రి 1 గంట 20 నిమిషాలకు ఉందనుకోండి. ఎదుర్కోలు సాయంత్రం ఏడింటికి, జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ అర్ధరాత్రి దాటాక, అప్పగింతలు తెల్లవారుజామున. దిగుమతిలో తేదీల వారీగా సర్దమని వదిలేస్తే ఒకే పెళ్ళి రెండు ఫోల్డర్లలోకి చీలిపోతుంది. పోనీ అని శుభలేఖ మీది తేదీని చేత్తో కొట్టి, దాని పక్కన తీసిన సమయాన్ని చేర్చారనుకోండి, అప్పుడు 01 గంటతో మొదలయ్యే తలంబ్రాలు 19 గంటతో మొదలయ్యే ఎదుర్కోలుకు ముందు వచ్చి కూర్చుంటాయి. ఆల్బమ్ డిజైన్ చేసేవారు పేరు వరుసనే నమ్ముతారు కనుక మొదటి పేజీలోనే తాళి కట్టేస్తారు.

అందుచేత పెళ్ళికి ఈ క్రమం పాటించండి. అన్ని కార్డులూ ఒకే ఫోల్డర్‌లోకి దిగుమతి చేయండి, గడియారాలు సరిచేయండి, తీసిన సమయం వరుసలో పెట్టండి, అప్పుడు అన్నిటినీ ఎంచుకుని ఒకేసారి పేరు మార్చండి. నమూనాలో శుభలేఖ తేదీని సంవత్సరం, నెల, రోజు క్రమంలో మీరే కొట్టండి, తరువాత వధూవరుల పొడి అక్షరాలు, తరువాత నాలుగంకెల వరుస సంఖ్య, చివర కెమెరా పెట్టిన అసలు పేరు ఉంచండి. 20250213_ఆర్ఎస్_0001_ఏ0014312 వంటి పేరు చూడడానికి పొడుగే, కానీ ఏ కెమెరాతో తీశారో, కార్డులో దాని పేరేమిటో అందులోనే ఉంటుంది. మరుసటి రోజు కెమెరా సంచి మూల నుంచి ఇంకో కార్డు బయటపడితే వరుసంతా మళ్ళీ తిరగరాయవద్దు. దానిలోవి చివరి సంఖ్య తరువాతి నుంచి కొనసాగించండి. ఎంపికలో తీసివేసినవాటి వల్ల ఏర్పడే ఖాళీలను కూడా పూడ్చకండి.

ఖాళీలు ఎందుకు వదలమంటున్నానో చెప్పాలి. పెళ్ళివారు ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచి పంపేది నంబర్లతోనే. ఒకసారి బయటకు వెళ్ళిన నంబరును తరువాత మార్చారంటే, అమ్మాయి మేనమామగారు కాగితం మీద రాసి పంపిన జాబితా అంతా వ్యర్థమవుతుంది. కస్టమర్‌కు ఇచ్చే జేపెగ్‌లకూ అదే పేరు ఉంచండి, వారికోసం వేరే వరుస పెట్టవద్దు. 0017 ఏదని ఎవరైనా అడిగితే, అందులో కళ్ళు మూసుకున్నారని చెబితే సరిపోతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపితే మాత్రం మీ పేర్లు నిలవవు. అవతలిది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే తేదీతోనూ డబ్ల్యూఏ అన్న అక్షరాలతోనూ కొత్త పేరు పడుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే పేరు అలాగే ఉంటుంది. అంతకంటే మేలైనది, లైట్‌రూమ్ ప్రింట్ విభాగంలో ప్రతి బొమ్మ కిందా ఫైలు పేరు పడేలా పేజీలు తయారుచేసి పంపడం. ఇంట్లో పెద్దవారు కూడా దాన్ని చూసి నంబర్లు చెప్పగలరు.

అక్షరాల విషయం క్లుప్తంగా చెబుతాను. పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, హైఫన్ తప్ప మరేవీ వాడకండి. ఏటవాలు గీత, కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు వంటివి విండోస్ ఒప్పుకోదు. తెలుగు అక్షరాలను అది ఒప్పుకుంటుంది, కానీ జిప్ చేసి ల్యాబ్‌కు పంపినప్పుడు అక్కడి పాత సాఫ్ట్‌వేర్‌లో డబ్బాలు డబ్బాలుగా కనిపించవచ్చు. వధూవరుల పేర్లు తెలుగులో చూసుకోవాలని ఉంటే క్యాప్షన్‌లో రాసుకోండి. సంఖ్యల ముందు సున్నాలు తప్పనిసరి, లేకపోతే కొన్ని ప్రోగ్రాములు 10ని 2 కంటే ముందు నిలబెడతాయి. రా, జేపెగ్ రెండూ తీసే అలవాటుంటే పేరు మార్చేటప్పుడు రెండింటినీ కలిపే మార్చండి, ఒకటే మారితే జంట విడిపోతుంది.

చివరగా పాత ఫొటోల సంగతి. వాటి పేర్లు మార్చవద్దు. వాటిలో చాలా పేర్లు కస్టమర్ల దగ్గర, ల్యాబ్‌ల దగ్గర, దుకాణాల వెబ్‌సైట్లలో ఇప్పటికే ఉన్నాయి, మార్చితే వారు అడిగింది మీకు దొరకదు. ఫోల్డర్ల పేర్లలో తేదీ, పని గుర్తు లేకపోతే అవి మాత్రం చేర్చండి, అది కూడా లైట్‌రూమ్‌లోని ఫోల్డర్ల పట్టీ నుంచే. ఒకే నంబరుతో రెండేసి ఫొటోలున్న పెళ్ళిళ్ళలో ఆల్బమ్ ఇంకా ఇవ్వనివి ఏమైనా ఉంటే, వాటికి మాత్రమే పైన చెప్పిన పద్ధతిలో పేర్లు పెట్టండి. అయితే పెళ్ళివారు నంబర్ల జాబితా పంపేశారేమో ముందు కనుక్కోండి. పంపి ఉంటే ఆల్బమ్ అయ్యేవరకు ఆగండి.